ఆకు అడుగున పురుగు

1968 నాటికి ప్రపంచం మొత్తం మీద సీషెల్స్ వార్బ్లర్ అనే పిట్టలు 26 మాత్రమే మిగిలాయి. అన్నీ హిందూ మహాసముద్రంలో కజిన్ అనే ఒక్క దీవిలోనే ఉండేవి. ఆ దీవి విస్తీర్ణం 29 హెక్టార్లు, మన లెక్కలో సుమారు 72 ఎకరాలు. అందులోనూ పిట్టలు కనిపించేది మడ నేల పక్కన నరక్కుండా వదిలేసిన ఒక గుబురులోనే. ఒక్క నిప్పురవ్వ పడినా, చూలుతో ఉన్న ఒక్క ఎలుక పడవ దిగినా ఆ జాతి కథ అక్కడితో ముగిసేది.

చూడ్డానికి ఇది ఏమంత గొప్పగా ఉండదు. బరువు పదిహేను గ్రాములు. వీపు ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు, పొట్ట వెలిసిన తెలుపు, ముక్కు శరీరానికి కాస్త పొడుగు, కాళ్లు నీలం కలిసిన బూడిదరంగు. దగ్గరికి వెళ్లి చూస్తే మటుకు కన్ను ఆకట్టుకుంటుంది. గూడు వదిలిన పిల్లకు కన్ను బూడిదరంగులో ఉంటుంది. కొన్ని నెలలకు లేత గోధుమరంగుకు తిరుగుతుంది, ఏడాది నిండేసరికి ఎర్రబడుతుంది. దీవిలో పనిచేసే పరిశోధకులు పిట్టను చేతిలోకి తీసుకోగానే ముందు చూసేది ఆ కన్నునే. కాలికి రింగు లేని కొత్త పిట్ట అయినా వయసు సుమారుగా తెలిసిపోతుంది.

దీని పాట మనిషి నోటితో వేసే ఈలలా ఉంటుంది. స్వరం లోతు, వరుసలు చిన్నవి. ఇదే కుటుంబంలోని ఐరోపా పిట్టలు గడగడా ఎన్నో రకాల స్వరాలు పలుకుతాయి, అంత ఆడంబరం దీనికి లేదు. దట్టమైన ఆకుల మధ్య కీచుగొంతు తొందరగా చెదిరిపోతుంది, కింది స్థాయి ఈల దూరం వెళుతుంది. అడవికి సరిపోయే గొంతే దీనికి వచ్చింది.

దీని బంధువులు మనకు కొత్తవేం కావు. చలికాలంలో మన తోటల్లో, కంచెల్లో, తుమ్మ పొదల్లో కనబడకుండా టక్ టక్ మంటూ తిరిగే కంపజిట్ట ఈ ప్రజాతిదే. కొల్లేరు జమ్ములోంచి గట్టిగా అరిచే పెద్ద రెల్లుపిట్టదీ ఇదే ప్రజాతి. కంపజిట్ట ఏటా రష్యా, మధ్య ఆసియాల నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి మన దగ్గరికి వస్తుంది. దాని సీషెల్స్ బంధువు ఉన్న చోటు వదలదు. కజిన్ నుంచి పక్క దీవి కజీన్‌కు 1.6 కిలోమీటర్ల నీళ్లే అడ్డం. ఒడ్డున నిలబడితే అవతలి చెట్లు కనబడతాయి. అయినా ఏళ్ల తరబడి గమనించిన వందల పిట్టల్లో ఆ నీళ్లు దాటినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. రెక్కల్లో సత్తువ లేక కాదు. రెక్కల కొలతలు, శరీర బరువు లెక్కగట్టి చూసిన పరిశోధకులు ఆ దూరం దీనికి కష్టమేమీ కాదని తేల్చారు. ఎగరగలదు, కానీ వెళ్లదు. ఎందుకు వెళ్లదన్నది అర్థం కావాలంటే అది తినే తిండి దగ్గర మొదలుపెట్టాలి.

ఈ పిట్టను ఎవరూ వేటాడలేదు. మాంసానికి గిరాకీ లేదు, పంజరంలో పెట్టుకునేంత రంగూ లేదు. దీన్ని ఆ మూలకు నెట్టింది కొబ్బరి. ఎండుకొబ్బరి మంచి ధర పలికిన రోజుల్లో సీషెల్స్‌లో దీవి తరవాత దీవి అడవి కొట్టి కొబ్బరి వేశారు. పిల్లులు, ఎలుకలు కూడా మనుషులతో పాటే దిగాయి. మారియాన్ దీవిలో ఉండిన వార్బ్లర్లు అంతరించాయి. కజిన్‌కు ఎలుకా పిల్లీ చేరకపోవడం అదృష్టం. కానీ అక్కడ కూడా కొబ్బరి తోటే వచ్చింది.

కొబ్బరి చెట్టూ చెట్టే కదా, పిట్టకేం నష్టం అనిపించవచ్చు. వార్బ్లర్ వేట తీరు చూస్తే జవాబు దొరుకుతుంది. కొమ్మ మీద వంగి, మెడ తిప్పి, ఒక్కో ఆకు అడుగు భాగాన్ని కింది నుంచి పరిశీలిస్తుంది. కాడకు అతుక్కుని పక్కకు వేలాడుతుంది, ఒక్కోసారి ఆకు కిందే రెక్కలాడిస్తూ గాలిలో నిలబడి పురుగును లాగేస్తుంది. దాని తిండిలో దాదాపు 98 శాతం ఇలా ఆకుల అడుగు నుంచి ఏరుకున్న పురుగులే. నేల మీద వెతకదు, పండు జోలికి పోదు. కాబట్టి దీనికి కావలసింది వెడల్పాటి మెత్తటి ఆకులుండే చెట్టు. కజిన్‌లో అలాంటి చెట్టు పిసోనియా. అండమాన్ తీరాల్లోనూ పెరుగుతుంది. దాని తరవాత మర్రి జాతి చెట్లు, మన దగ్గర నోని పేరుతో రసం అమ్మే చెట్టు. బిరుసుగా చీలికలు చీలికలుగా ఉండే కొబ్బరి మట్టల్లో ఆ పురుగులు బతకవు. దీవి నిండా పచ్చదనం కనిపిస్తున్నా వార్బ్లర్‌కు అది ఎడారే.

1968లో అంతర్జాతీయ పక్షి సంరక్షణ మండలి ఆ దీవిని కొనేసింది. ఈనాటి బర్డ్‌లైఫ్ ఇంటర్నేషనల్ దాని కొనసాగింపే. ఒక్క పిట్ట కోసం దీవిని కొనడం ఆ రోజుల్లో చాలామందికి విడ్డూరంగా తోచి ఉంటుంది. కొన్నాక వాళ్లు చేసిన పని ఇంకా సాదాగా ఉంటుంది. పంజరాల్లో పెంచలేదు, మేత పెట్టలేదు, గుడ్లు తీసి పొదిగించలేదు. మొలకెత్తిన కొబ్బరి పిలకల్ని పీకుతూ పోయారు, పిసోనియాను పెరగనిచ్చారు. చెట్టు పెరిగింది, ఆకు విచ్చింది, ఆకు అడుగున పురుగు చేరింది, పురుగు వెనక పిట్ట వచ్చింది. 1975లో దీవికి ప్రత్యేక అభయారణ్యం హోదా దక్కింది. 1982 వచ్చేసరికి వార్బ్లర్ల సంఖ్య సుమారు 320. ఆ తరవాత ఎన్నేళ్లు లెక్కపెట్టినా ఆ సంఖ్యకు అటూ ఇటుగానే ఉండిపోయింది.

అసలు చిత్రం అక్కడి నుంచి మొదలైంది. దీవి నిండిపోయింది. సుమారు 115 హద్దులు ఏర్పడ్డాయి. ప్రతి చెట్టుకూ సొంతదారు జంట ఉంది, సరిహద్దు దాటితే గొడవే. కొత్తగా ఎదిగిన పిల్లకు కాలు పెట్టే చోటు లేదు. అలాంటి పిల్లలు చాలా వరకు తల్లిదండ్రుల దగ్గరే ఉండిపోసాగాయి. ఉండి ఊరుకోలేదు. గూడు కట్టడంలో, పొదగడంలో, తరవాత పుట్టిన చెల్లికీ తమ్ముడికీ పురుగులు తెచ్చి పెట్టడంలో చేయి వేశాయి. చోటు లేక ఉండిపోయాయా, ఉండటంలో లాభం ఉండి ఉండిపోయాయా? 1985లో కజిన్‌కు వచ్చిన డచ్చి శాస్త్రవేత్త యాన్ కోమ్డ్యూర్ పట్టుకున్న ప్రశ్న ఇదే.

ఆయన, ఆయన తరవాత వచ్చినవాళ్లు ముందు చేసింది ఆకులు తిప్పి చూడటం. దీవిలో చోటు చోటుకీ వెళ్లి, ఒక్కో జాతి చెట్టువి యాభై ఆకులు తిప్పి, అడుగున ఎన్ని పురుగులున్నాయో లెక్క రాసుకున్నారు. నెల నెలా అదే పని. హద్దు ఎంత పెద్దది, అందులో ఆకు ఎంత దట్టం, ఆకుకు పురుగులెన్ని అన్న మూడింటినీ కలిపి ప్రతి జంట ఆస్తికీ విలువ కట్టారు. దీవి నడిమి భాగంలో ఆస్తులు గట్టివని తేలింది. ఒడ్డు వెంబడివి పేదవి. ఆగ్నేయం నుంచి గాలి వీచే నెలల్లో ఉప్పు తుంపర పడి ఒడ్డున చెట్లు ఆకు రాలుస్తాయి. ఆకు రాలితే పురుగు పోయినట్టే.

1988లో పరీక్షకు అవకాశం వచ్చింది. జాతి మొత్తం ఒక్క దీవిలో ఉండటం ప్రమాదం కాబట్టి 29 పిట్టల్ని పట్టి అరీద్ దీవికి తరలించారు. కజిన్‌లో వాటి స్థలాలు ఖాళీ అయ్యాయి. గంటల వ్యవధిలోనే పక్క హద్దుల్లో సాయం చేస్తున్న పిల్లలు వచ్చి ఆక్రమించాయి. చోటు లేకపోవడమే వాటిని ఆపిందని సగం రుజువైంది. మిగతా సగం ఇంకా ఆసక్తికరం. గట్టి ఆస్తిలో పెరిగిన పిల్ల పక్కన పేద ఆస్తి ఖాళీ అయినా కదల్లేదు. పుట్టింట్లో ఉండి తమ్ముళ్లను సాకుతూ మంచి చోటు ఖాళీ అయ్యేదాకా కాచుకుంది. పేద ఆస్తిలో పెరిగినవే పేద ఖాళీల్లోకి వెళ్లాయి.

అరీద్‌లో ఇదే కథ తొలి అక్షరం నుంచి జరిగింది. అక్కడ అడవి పుష్కలం, పిట్టలు కొన్నే. వెళ్లిన జంటలు వెంటనే గూళ్లు కట్టాయి, ఏడాది పొడుగునా గుడ్లు పెట్టాయి. పుట్టిన పిల్లలు ఏడాది తిరిగేసరికి సొంత హద్దులు పెట్టుకున్నాయి. సాయం చేసే పిల్ల ఒక్కటీ లేదు. మంచి స్థలాలు నిండేకొద్దీ, దీవిలో రెండో రకం చోటు ఇంకా మిగిలి ఉండగానే, మంచి స్థలాల పిల్లలు ఇళ్లలో ఉండిపోవడం మొదలైంది. పక్షుల కుటుంబ జీవితం ఎలా పుడుతుందో ఇంత స్పష్టంగా కళ్లెదుట చూపించిన సందర్భాలు జీవశాస్త్రంలో అరుదు. పక్క దీవికి ఎగరకపోవడానికి కూడా ఇదే కారణమై ఉంటుందని నాకు అనిపిస్తుంది. తెలిసిన ఆకు కింద వేచి ఉండటం తెలియని ఒడ్డు కోసం సముద్రం మీదికి పోవడం కన్నా లాభసాటి అయినప్పుడు, ఎగరాలన్న ప్రేరణ తరతరానికీ అణగిపోతుంది.

ఇంతకన్నా నమ్మశక్యం కానిది గుడ్డు విషయం. వార్బ్లర్ సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది. ఇంట్లో ఉండి సాయం చేసేవి ఎక్కువగా కూతుళ్లు, కొడుకులు బయటికి పోతారు. గట్టి ఆస్తి ఉన్న జంటకు ఒకటి రెండు సాయం చేతులుంటే పిల్లలు ఎక్కువ బతుకుతారు. పేద ఆస్తిలో అదే కూతురు ఇంకో తినే నోరు. తల్లిదండ్రుల పురుగుల్నే తినేసి నష్టం తెస్తుంది. అలాంటప్పుడు గట్టి ఆస్తివాళ్లు కూతుళ్లను, పేదవాళ్లు కొడుకులను కంటే లాభం. లెక్క ప్రకారం అలా ఉండాలి. 1997లో కోమ్డ్యూర్ బృందం రక్తపు చుక్కల్లోని డీఎన్‌ఏతో పిల్లల లింగం తేల్చి ప్రచురించిన ఫలితాల్లో సరిగ్గా అలాగే ఉంది. పేద ఆస్తుల్లో పుట్టినవాటిలో 77 శాతం కొడుకులు. గట్టి ఆస్తుల్లో కొడుకులు 13 శాతం మాత్రమే.

పక్షుల్లో బిడ్డ ఆడో మగో నిర్ణయించేది తల్లి అండమే, మనలో లాగా తండ్రి వీర్యకణం కాదు. కాబట్టి తల్లికి ఈ పని సూత్రప్రాయంగా సాధ్యమే. అయినా అనుమానం రావాలి. కొడుకుల్ని కనే తల్లులే పేద చోట్లలో చేరి ఉండవచ్చు కదా. అందుకని పేద ఆస్తిలో ఉండి ఎప్పుడూ కొడుకుల్నే కంటున్న జంటల్ని కొత్త దీవుల్లో గట్టి ఆస్తుల్లోకి మార్చి చూశారు. అవే తల్లులు కూతుళ్ల వైపు మొగ్గాయి. ఇంకో పరీక్షలో, ఇద్దరు సాయగాళ్లు అప్పటికే ఉన్న గట్టి ఇళ్లను చూశారు. అక్కడ తల్లులు కొడుకుల్ని కంటున్నాయి, ఎందుకంటే మూడో సాయం బరువు. ఒక సాయగత్తెను తీసేయగానే మళ్లీ కూతుళ్లు పుట్టడం మొదలైంది. ఆకు అడుగున ఉన్న పురుగుల లెక్క, ఇంట్లో ఉన్న చేతుల లెక్క తల్లి కడుపులోని గుడ్డు దాకా చేరుతోందన్నమాట. ఏ హార్మోను దారిలో, ఏ ఘడియలో చేరుతోందన్నది ఇప్పటికీ తెరిచి ఉన్న ప్రశ్న.

ఈ కుటుంబాల్ని మరీ ఆదర్శంగా ఊహించుకోకూడదు. కోమ్డ్యూర్‌తో కలిసి పనిచేసిన డేవిడ్ రిచర్డ్‌సన్, టెరీ బర్క్ వంటివాళ్లు డీఎన్‌ఏతో తల్లీతండ్రుల్ని తేల్చినప్పుడు చాలా గుట్లు బయటపడ్డాయి. పిల్లల్లో నలభై శాతానికి దగ్గరగా, ఇంట్లో తిండి పెట్టే మగపిట్ట సొంత సంతానం కాదు. సాయం చేస్తున్నట్టు కనిపించే ఆడపిట్టల్లో చాలా వాటికి అదే గూట్లో సొంత గుడ్డు కూడా ఉంది. సేవ, స్వార్థం ఒకే గూట్లో ఉన్నాయి. అయినా ఇందులో నన్ను అమితంగా కదిలించేది ముసలి ఆడపిట్టల సంగతి. కొన్ని ఆడపిట్టలు వయసు మళ్లాక హద్దు మీద పెత్తనం కోల్పోతాయి. వాటి చోటును తరచూ సొంత కూతురే తీసుకుంటుంది. దిగిపోయిన తల్లి వెళ్లిపోకుండా అక్కడే ఉండి మనవలకు పురుగులు తెచ్చి పెడుతుంది. పక్షుల్లో అమ్మమ్మ సాయం ఇలా రుజువైన జాతులు దాదాపు లేవు.

ఈ సాయం తీసుకునే తల్లికీ మేలు చేస్తుంది. 2019లో ప్రచురితమైన పరిశోధనలో, సాయగాళ్లున్న పెద్ద వయసు ఆడపిట్టలు లేనివాటికన్నా నెమ్మదిగా ముసలివవుతున్నాయని తేలింది. ఇలాంటి మాట అడవి పక్షి గురించి చెప్పగలగడం మామూలు విషయం కాదు. వేరే చోట పిట్ట కనబడకపోతే చచ్చిందో, వలస పోయిందో తేలదు. ఇక్కడ దీవి దాటి పోదు కాబట్టి కనబడలేదంటే చనిపోయినట్టే. దాదాపు ప్రతి పిట్ట కాలికీ దాని సొంత రంగుల వరుసతో రింగులున్నాయి. పుట్టిన గూడు, ఏరుకున్న జంట, పెంచిన పిల్లలు, చచ్చిన ఏడాది అన్నీ తెలుసు. సగటున ఐదున్నరేళ్లు బతికే ఈ పదిహేను గ్రాముల ప్రాణుల్లో కొన్ని పందొమ్మిదేళ్ల దాకా లాగాయి. క్రోమోజోముల చివర తొడుగుల్లా ఉండే టెలొమియర్లు పిట్ట కష్టాలు పడేకొద్దీ పొట్టివవుతాయని, అవి పొట్టివైన పిట్ట త్వరగా పోతుందని స్వేచ్ఛగా తిరిగే జంతువుల్లో గట్టిగా చూపిన పనుల్లో ఈ దీవిదీ ఒకటి.

ఈ పిట్టను నిలబెట్టిన పిసోనియా కూడా దేవతా వృక్షమేమీ కాదు. దాని గింజలు జిగురుతో చీలల్లా ఉంటాయి. ఆ చెట్ల మీద గుంపులుగా గూళ్లు పెట్టే సముద్రపక్షుల రెక్కలకు గుత్తులుగా అంటుకుంటాయి. ఎగరలేక కింద పడి చచ్చిన పక్షులు చెట్టు మొదట్లో కనిపిస్తాయి. వార్బ్లర్లూ అప్పుడప్పుడు ఆ జిగురుకు చిక్కుతాయి. ఇక గుడ్డుకు పెద్ద శత్రువు అదే దీవిలో ఉండే ఫోడీ అనే గిజిగాడు కుటుంబపు పిట్ట, అదీ సీషెల్స్‌కే ప్రత్యేకమైనది. పొదిగేది ఆడదే. అది తిండికి లేచిన వేళ మగది గూటి దగ్గర కాపలా కూచుంటుంది. కాపలా తప్పితే ఫోడీ గుడ్డును పొడిచి తినేస్తుంది.

అరీద్ తరవాత 1990లో కజీన్‌కు 29 పిట్టల్ని తరలించారు. 2004లో డెనిస్‌కు 58. పిల్లుల్ని, ఎలుకల్ని నిర్మూలించాకే ఆ దీవి పనికొచ్చింది. 2011లో ఫ్రెగేట్‌కు 59. ఇప్పుడు ఐదు దీవుల్లో కలిపి మూడు వేల పైచిలుకు వార్బ్లర్లున్నాయి. 2015లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని ప్రమాదపు జాబితాలో కింది మెట్టుకు, ‘ముప్పుకు చేరువ’ అనే స్థాయికి దించింది.

తరలించే సంఖ్య 29 నుంచి 58కి పెరగడం వెనక ఒక కారణం ఉంది. మ్యూజియంలలో భద్రపరచిన 1876 నుంచి 1940 దాకా నాటి పాత వార్బ్లర్ల చర్మాల నుంచి డీఎన్‌ఏ తీసి చూస్తే, ఒకప్పుడు ఈ జాతి వేలల్లో ఉండేదని తెలిసింది. ఇరవయ్యో శతాబ్దపు ఇరుకు తరవాత సంతానం కన్న పిట్టల సంఖ్య యాభై లోపుకు పడింది. ఆ ఇరుకులో పోయిన జన్యు వైవిధ్యం అడవి మళ్లీ పెరిగినంత మాత్రాన రాదు. చెట్టు ఇరవై ఏళ్లలో ఎదుగుతుంది, కొత్త ఉత్పరివర్తనాలకు వేల తరాలు కావాలి. మిగిలిన కాస్త వైవిధ్యాన్నైనా కొత్త దీవికి పూర్తిగా తీసుకెళ్లాలంటే ఎక్కువ పిట్టలు వెళ్లాలి. 29 పిట్టలతో మొదలైన దీవుల్లో వైవిధ్యం కజిన్ కన్నా తగ్గింది. అరవైకి దగ్గరగా వెళ్లిన దీవుల్లో దాదాపు నిలిచింది. ఇప్పుడు వేరే దేశాల్లో పక్షుల్ని తరలించేవాళ్లు ఎన్నింటిని పట్టుకెళ్లాలి అని ఆలోచించేటప్పుడు ఈ లెక్క ముందు పెట్టుకుంటున్నారు.

కజిన్ నిర్వహణ 1998 నుంచి నేచర్ సీషెల్స్ అనే స్థానిక సంస్థ చేతిలో ఉంది. సందర్శకులు వచ్చే పడవల్ని అక్కడ ఒడ్డుకు చేరనివ్వరు. నీళ్లలోనే ఆపి, మనుషుల్ని దీవి సొంత పడవలోకి ఎక్కించి ఒడ్డుకు తెస్తారు. బయటి పడవ అడుగున ఏ మూలో దాగిన ఎలుక ఇసుక మీదికి దిగకుండా ఈ ఏర్పాటు.